సీలు తీసిన సీసా

పొద్దున్న ఏడున్నరకు ఆ ఇంట్లో ఎవరి పని వాళ్ళది. తల్లి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. కూతురు స్నానానికి వెళ్ళింది. తండ్రి హాల్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. దిగుమతుల కొత్త నిబంధనల గురించి అందులో అర పేజీ వేశారు. ఒకటో తారీఖు నుంచి అమలు. ఇంకా మూడు రోజులుంది.

ఆయన కస్టమ్స్ ఏజెంటు. ముప్పై రెండేళ్ళుగా ఓడల్లో వచ్చే నూనెలూ అత్తర్లూ ఆయన చేతుల మీదుగానే రేవు దాటేవి. కాగితపు ముక్క మీద ఒక చుక్క వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, అసలుదో కల్తీదో చెప్పేసేవాడు. ఆ మాట మీద అధికారులు సంతకం పెట్టేవారు. రేవులో అందరికీ ఆయన ముక్కుగారు. కొత్త నిబంధనల్లో ముక్కుకు చోటు లేదు. ల్యాబ్ రిపోర్టు కావాలి, సరుకు పుట్టిన దేశం నుంచి ధ్రువపత్రం కావాలి, పాత ఏజెంట్లు మళ్ళీ పరీక్ష రాయాలి. "పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే" అని ఆయన పరీక్ష రాయలేదు. కూతురు రాసింది, పాసైంది.

ఆమెకు దొరికిన మొదటి సరుకు నలభై డ్రమ్ముల లవంగ నూనె. తెప్పించుకున్న సబ్బుల వ్యాపారి దగ్గర ఆ ధ్రువపత్రం లేదు. నెలాఖరులోగా పాత నిబంధనల కిందే బయటపడితే సరే. లేకపోతే డ్రమ్ములు గోదాములోనే ఉండిపోతాయి, మొదటి సరుకే చిక్కుకుందన్న మాట రేవంతా పాకుతుంది, ఇంకెవరూ ఆమె గుమ్మం తొక్కరు. ముక్కుగారి మాట ఇక లేదు కాబట్టి ల్యాబ్ రిపోర్టు ఇప్పుడే తెమ్మని, నిన్న సాయంత్రం అధికారి శాంపిల్ తీసి, సీసాకు లక్కతో సీలు వేసి ఇచ్చాడు. అప్పటికే ల్యాబ్ మూసేశారు. పొద్దున్నే ఇచ్చేద్దామని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది.

స్నానాల గది తలుపు తీయగానే లవంగాల ఘాటు గుప్పుమంది. తడి జుట్టుతోనే హాల్లోకి పరుగెత్తింది. సీసా పెట్టినచోటే ఉంది. మూత చుట్టూ లక్క మాత్రం చెదిరి, ఎవరో అగ్గిపుల్లతో కరిగించి మళ్ళీ అతికించినట్టుంది.

"నాన్నా, సీసా మూత తీశావా?"

"ఏ సీసా?" ఆయన పేపరు దించలేదు.

"బల్ల మీది సీసా."

"నేను కుర్చీలోంచి లేవనే లేదమ్మా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని అందరికీ తెలుసు. మూతికి మీగడ అంటించుకుని తాగలేదనే పిల్లిని మాత్రం ఆమె అప్పుడే చూసింది.

"చిన్నపిల్లాడిలా అబద్ధమేంటి నాన్నా! సీలు తీసిన శాంపిల్ ల్యాబ్‌లో తీసుకోరని నీకు తెలీదా? నేను సొంతంగా చేసుకుంటే చూడలేకపోతున్నావా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటోందని నలుగురూ అంటుంటే ఊరుకున్నాను. చెట్టే నా కాయలు రాల్చేస్తుందనుకోలేదు!"

"తీయలేదని చెప్తున్నానా? ఊరికే మీద పడతావేం?" ఆయన కూడా గొంతు పెంచాడు.

ఖాళీ బకెట్టు పట్టుకుని తల్లి మెట్లు దిగి వచ్చింది. "ఏంటర్రా ఈ ఘాటు! డాబా దాకా కొడుతోంది. సీసా గానీ పగిలిందా?"

ఆయన పేపరు దించాడు. ముందు భార్యను చూశాడు, తర్వాత కూతుర్ని.

"వాసన వస్తోందా?" అన్నాడు.

కూతురు సీసా వైపు చూసి, ఆయన వైపు తిరిగింది. తల్లి బకెట్టు కింద పెట్టింది.

"మొన్న పాలు మాడి ఇల్లంతా మాడు వాసన కొడుతుంటే హాల్లో కదలకుండా కూర్చుని ఉన్నారు" అంది నెమ్మదిగా. "కళ్ళు లేవా, చెవులు లేవా అని తిట్టాను. ఇది నాకు తట్టలేదు."

"ఎప్పట్నుంచి నాన్నా?"

"జ్వరం వచ్చి తగ్గిందే, అప్పట్నుంచి. నాలుగు నెలలు." ఆయన పేపరు మడత పెడుతూనే ఉన్నాడు. "లవంగ నూనె కంటే ఘాటైంది ఏముంటుంది? ఇదైనా తగులుతుందేమో చూద్దామనుకున్నాను. తగల్లేదు. మళ్ళీ అతికించేస్తే ఎవరికీ తెలీదనుకున్నా."

"మరి పరీక్ష రాయనన్నది పౌరుషం కాదా?"

"నిబంధనలు మారకపోయినా మానేసేవాణ్ణే తల్లీ. తిట్టుకోవడానికి అవి దొరికాయి."

ఆమెకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇందాక అన్న మాటలు మాత్రం మిగిలాయి. కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "చెయ్యి జారి సీలు ఊడిందని చెప్తాలే. నువ్వు రావద్దు."

"వద్దు. నీ మొదటి సరుకు అబద్ధంతో మొదలవకూడదు. నేనే వచ్చి చెప్తాను."

పదిన్నరకు కస్టమ్స్ ఆఫీసులో, ఐదారుగురు గుమాస్తాలు వింటుండగా, ఆయన అధికారి ముందు నిలబడ్డాడు. "సీలు తీసింది నేనండీ, మా అమ్మాయి కాదు. నాకు వాసనలు తెలియడం లేదు. తెలుస్తుందేమో చూసుకుందామని తీశాను." ఒక గుమాస్తా అది వేళాకోళమనుకుని నవ్వాడు. ఆయన మొహం చూసి తల దించుకున్నాడు. అధికారి ఆ మాట రాయించి సంతకం తీసుకుని, మధ్యాహ్నం ఇంకో శాంపిల్ తీయిస్తానన్నాడు. గడువు సంగతి మాత్రం తన చేతుల్లో లేదన్నాడు. రిపోర్టు నెలాఖరు సాయంత్రానికి వచ్చి డ్రమ్ములు గేటు దాటాయి గానీ, అది తర్వాతి మాట.

మధ్యాహ్నం గోదాములో డ్రమ్ము మూత తీశారు. అధికారి కొత్త సీసాకు సీలు వేశాక, ఆమె కాగితపు ముక్క మీద ఒక చుక్క వేసి, అలవాటు కొద్దీ తండ్రి ముక్కు దగ్గరకు చాపింది. ఆయన ఆ చేతిని మెల్లగా వెనక్కి తోశాడు.

"నువ్వు చెప్పు."

ఆమె వాసన చూసింది. "ముందు ఘాటు. వెనకాల కాస్త తీపి."

"ఆగు, తొందరపడకు. ఆరనీ. ఇప్పుడు?"

"ఎండు చెక్క వాసన నాన్నా."

"మాడు వాసన గానీ, కిరసనాయిలు వాసన గానీ?"

"లేదు."

"ఇంకోసారి చూడు."

చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూలీలు నూనె ఘాటుకేమో అనుకున్నారు. "లేదు నాన్నా. ఏమీ లేదు."

ఆయన కళ్ళు మూసుకుని, ఆమె చెప్పిన వరసలోనే గాలి పీల్చి వదిలాడు.

"అయితే అసలుదే" అన్నాడు.