ముళ్ళెలుకకు మైల

ముళ్ళెలుక గూట్లో మళ్ళీ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. గాజు తలుపుకి ఇవతల నిలబడ్డ నూకరత్నానికీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ ఎలుక ఒంట్లో తిరుగుతున్నవి ఆవిడ కోడలు లోవ హార్మోన్లు మరి.

ఎలాగంటే, మామూలు ఎలుకలకి నెలసరి రాదు. ఎడారి రాళ్ళ సందుల్లో బతికే ఈ ముళ్ళెలుకకి మాత్రం ఆడవాళ్ళకి వచ్చినట్టే వస్తుంది. అందుకే కాకినాడ లాబ్ వాళ్ళు దీన్ని తెచ్చి పెంచుతున్నారు. లోవ జబ్బకి అంటించిన సెన్సర్ ఆమె హార్మోన్లు ఎప్పుడెలా ఉన్నాయో ఇక్కడికి పంపుతూ ఉంటుంది. ఎలుక చర్మం కింద ఉన్న బియ్యపుగింజంత పంపు ఆ హార్మోన్లనే అచ్చం అలాగే దానికి ఎక్కిస్తుంది. లోవకి నెలసరిలో రక్తం విపరీతంగా పోయే జబ్బు. ఎలుకకీ అదే. మందు ముందు ఎలుకకి వేస్తారు. పనిచేస్తే లోవకి ఇస్తారు. పనిచెయ్యకపోతే గర్భసంచి తీసెయ్యడమే. లోవకి ఇంకా పిల్లలు లేరు.

కోడల్ని ఈ పరీక్షలో చేర్పించింది నూకరత్నమే. లాబ్‌లో ఎలుకల గూళ్ళు కడిగేదీ ఆవిడే. ఆవిడ పనికి వంకపెట్టినవాళ్ళు లేరు, ఒక్క డాక్టర్ జబీన్ తప్ప. ఆ పిల్ల చేరిన కొత్తలో అందరి ముందూ "మీకు పని రాదు" అన్న మాట నూకరత్నం ఇప్పటికీ మింగలేదు.

"మందు పనిచెయ్యట్లేదు పెద్దమ్మా," అంది జబీన్ స్క్రీన్ చూస్తూ. "రక్తం ఇంకా ఎక్కువ పోతోంది. ఆపరేషన్‌కి ఒప్పుకోవాల్సిందే."

"మందు చేసినోళ్ళకి పని రాకపోతే, కోయించుకోవాల్సింది మా పిల్లా?"

జబీన్ గూటివైపు తిరిగింది. "దీంతో ఉండాల్సిన తోటి ఎలుకలేవి?"

"పక్క గూట్లో ఉన్నాయి. ఇది బయటుంది గదా. మైలదాన్ని మంచివాటితో ఎలా కలుపుతాను? అయిపోయాక గూడు కడిగి కలుపుతాను. ప్రతిసారీ అంతే. మీకెలా కనపడుద్దిలే, ఎప్పుడూ ఆ స్క్రీన్ వైపే గదా చూపు!"

జబీన్ గూటి దగ్గరికి వెళ్ళి చూసింది. "నిజమే, నేను చూడలేదు. పెద్దమ్మా, ఈ జాతి ఒకదానిమీద ఒకటి పడి బతుకుతుంది. ఒంటరిగా పెడితే బెదిరిపోతుంది. ఆ బెదురుకి ఒంట్లో పుట్టే హార్మోన్ మందుని పనిచెయ్యనివ్వదు. ఉండండి..." మళ్ళీ స్క్రీన్ మీదికి వంగింది. "ఆ బెదురు లోవ సెన్సర్‌లోంచి, మీ ఇంటినుంచి కూడా వస్తోంది. నెలసరప్పుడు ఆమె ఎక్కడ పడుకుంటోంది?"

నూకరత్నం కొంగు సర్దుకుంది. "అరుగుమీద. ఒక్కతే. నేనూ అలాగే పడుకున్నాను, మా అత్తా అలాగే పడుకుంది."

ఎలుకల్ని కలిపారు. మరుసటి నెలసరికి ముళ్ళెలుకకి రక్తం పోవడం సగానికి సగం తగ్గింది. జబీన్ లోవకి అదే మందు మాత్రలిస్తూ, "ఈమెనీ ఒంటరిగా ఉంచకూడదు," అంది.

"మా ఆచారం మానుకోమంటావా?"

"ఆచారం మీ ఇష్టం. ఒంటరిగా వద్దంటున్నాను, అంతే."

ఆ నెల లోవ అరుగుమీద చాప పరుచుకుంటుంటే, నూకరత్నం తలగడ చంకన పెట్టుకుని వచ్చింది.

"ముట్టుకోకండి అత్తయ్యా! మీకూ మైల!" లోవ గోడకి అతుక్కుపోయింది.

"అయితే అయింది. ఆ డాక్టరు మాట విన్నానని మాత్రం ఎక్కడా అనకు." ఆవిడ కోడలి పక్కనే కూర్చుని, అటు తిప్పి నడుం పట్టడం మొదలుపెట్టింది. లోవ కాసేపు బిగుసుకుపోయి, తర్వాత వదులైంది.

గుమ్మంలోంచి సత్తిబాబు తొంగిచూశాడు. పెళ్ళాం అరుగుమీద, తల్లీ అరుగుమీదే.

"అమ్మా! మరి అన్నం?"

"ఇద్దరం మైలపడ్డాం. వంటింట్లోకి రాకూడదు," అంది నూకరత్నం తల తిప్పకుండానే. "ఈ ఇంట్లో మడిగా ఉన్నోడివి నువ్వొక్కడివే. వెళ్ళి ఎసరు పెట్టు!"