పదింట ఐదు

"పది మాటలు చెప్పాను. ఐదే గుర్తున్నాయి నీకు," అంది మా జట్టు డాక్టరు మెలేరి.

"ఐదు చాలు! జులైలోనూ ఐదే వచ్చాయి. నీ చేతిలో ఉన్న ఫైల్లోనే ఉంది, చూసుకో. పాసయ్యాను. తలుపు తియ్యి."

"తియ్యను."

నాకు కోపం ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నా స్థానంలో ఏ సాధువు ఉన్నా గోడకి తల బాదుకునేవాడు. బయట పదివేల మంది వర్షంలో తడుస్తూ పాడుతున్నారు. వాళ్ళ మధ్య వేల్స్ జట్టుని ఎంపిక చేసే పెద్దమనుషులు ఇద్దరు, కేవలం ఇల్టుడ్ ప్రోసర్ అనే ఏడో నంబరు ఆటగాణ్ణి చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. ఆ ఇల్టుడ్‌ని నేనే. ఆరేళ్ళ నుంచి జీతానికి రగ్బీ ఆడుతున్నాను. ఒక్కసారి ఎర్ర జెర్సీ వేసుకుని దేశం కోసం ఆడాలని ఆరేళ్ళూ ఎముకలు అరగదీసుకున్నాను. అలాంటి రోజున, ఇరవై రెండో నిమిషంలో, ఎవడిదో మోకాలు నా తలకి తగిలిందని ఈ మహాతల్లి మైదానంలోకి పరిగెత్తుకొచ్చి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి, ఈ పరీక్ష గదిలోకి లాక్కొచ్చింది.

నియమం చాలా తేలిక. సీజన్ మొదలవకముందు జులైలో మా అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి మార్కులు రాసుకుంటారు. ఆటలో తలకి దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్ళీ పెడతారు. మార్కులు తగ్గకపోతే పన్నెండు నిమిషాల్లో తిరిగి ఆటలోకి పంపిస్తారు. నావి తగ్గలేదు.

"డాక్టరు గారూ," అన్నాను, పళ్ళు కొరుకుతూ, "నియమం నియమమే కదండీ?"

"చివరి మాట డాక్టరుదే అన్నది కూడా నియమమేనండీ," అని నా భుజాల మీద కోటు కప్పి, జిప్పు మెడదాకా లాగేసింది. "కూర్చో. నీళ్ళు తాగు."

నేను తాగలేదు. ఆ గ్లాసు వంక చూడను కూడా చూడలేదు.

* * *

నా కోపం కంటే మా ఊరి కోపం పెద్దది. మా తూవీ లోయలో ఎవరింట్లో ఏం వండారో అందరికీ తెలుస్తుంది. ఇక టీవీలో వచ్చింది తెలియదా? మా నాన్నమ్మ ముప్ఫై ఏళ్ళుగా మెలేరి వాళ్ళమ్మ దగ్గరే గుడ్లు కొనేది. ఆ సోమవారం నుంచి మానేసింది.

"గుప్పెడంత లేదు, మావాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుందా! పైగా పక్క పొలం పిల్ల! పరాయిదైతే పోనీలే అనుకునేదాన్ని," అని నాన్నమ్మ రొట్టె మీద వెన్నని కత్తితో పొడిచింది.

చర్చిలో మెలేరి పక్కన ఎవరూ కూర్చోలేదట. చిప్స్ కొట్టతను అందరికీ చల్లే వెనిగర్ ఆమె పొట్లంలో వెయ్యనన్నాడట. ఇవన్నీ వింటే నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కొంచెం.

మంగళవారం ఆరు దేశాల పోటీకి వేల్స్ జట్టుని ప్రకటించారు. ముప్ఫై ఎనిమిది పేర్లు రెండుసార్లు చదివాను. నా పేరు లేదు.

సాయంత్రం మా కోచ్ గార్మన్ ఇంటికే వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"గురువారం పొద్దున బోర్డు మీటింగు. ఆ అమ్మాయి మీద ఫిర్యాదు పెట్టాను. నువ్వు ఒక్క సంతకం పెట్టు. వచ్చే వారం కొత్త డాక్టరు వస్తాడు."

కాగితంలో ఇలా ఉంది: 'నేను పూర్తి స్పృహలో ఉన్నాను. జులైలోనూ, మ్యాచ్ రోజునా పరీక్ష నిజాయితీగా రాశాను. డాక్టరు అకారణంగా నన్ను ఆపింది.'

"పెడతాను," అన్నాను. "కానీ ముందు ఆవిడకి చూపించి పెడతాను. ఆ మొహం ఎలా మారుతుందో నా కళ్ళతో చూడాలి."

* * *

బుధవారం మధ్యాహ్నం వెళ్ళేసరికి మెలేరి గొర్రెల కొట్టంలో ఉంది. మోకాళ్ళదాకా బూట్లు, చంకలో ఒక గొర్రెపిల్ల, చేతిలో పాలసీసా. జుట్టంతా గడ్డిపరకలు. ఇంత కోపంలోనూ ఆ గడ్డిపరకలు తీసేద్దామని నా చెయ్యి కదిలింది. దాన్ని తిట్టి జేబులో పెట్టుకున్నాను.

"నీ ఉద్యోగం ఊడబోతోంది. చెప్పి పోదామని వచ్చాను," అన్నాను.

"బూట్లు తుడుచుకుని రా. అవతల ఈనే గొర్రె ఉంది."

తుడుచుకున్నాను. కాగితం ఇచ్చాను. మొహం మారుతుందని చూస్తుంటే, ఆమె 'నిజాయితీగా' అన్న మాట దగ్గర ఆగి పకపకా నవ్వింది.

"దేనికా నవ్వు?"

"పన్నెండేళ్ళప్పుడు, ఐస్టెద్‌వడ్ పండగలో, పద్యం అప్పజెప్పే పోటీలో ఫస్టు ఎవరు?"

"నేను."

"సెకండు?"

"...నువ్వు."

"నూట ఇరవై పంక్తులు, ఇల్టుడ్! ఒక్క అక్షరం తడబడలేదు. నేను స్టేజి పక్కన నిలబడి, ఒక్కటి తప్పు, ఒక్కటంటే ఒక్కటి తప్పు అని దేవుడికి మొక్కుకున్నాను. అలాంటి మనిషికి జులైలో పది మాటల్లో ఐదే గుర్తున్నాయట! నన్నేమనుకుంటున్నావు, గొర్రెననుకుంటున్నావా?"

నా చెవులు వేడెక్కాయి. "జులైలో అందరూ అలాగే చేస్తారు. జట్టు మొత్తం! అప్పుడు తక్కువ తెచ్చుకుంటే, తర్వాత దెబ్బ తగిలినా మార్కులు తగ్గవు. ఆటలోకి పంపించేస్తారు. కొత్తగా వచ్చావు, నీకు తెలీదు."

"తెలిసే అడిగాను. నవంబరులో చేరిన వారానికే ఫైళ్ళు చూసి, మళ్ళీ పరీక్ష పెట్టనివ్వమని మీ గార్మన్‌ని అడిగాను. సీజన్ మధ్యలో కుదరదన్నాడు." పాలసీసాని గట్టు మీద ఠక్కున పెట్టింది. ఇప్పుడు కోపం ఆమె వంతు. "జులైలో అబద్ధం చెబితే ఐదు. జనవరిలో ప్రాణం పెట్టి ప్రయత్నిస్తే ఐదు. ఇది పాసా? నువ్వే చెప్పు, ఇది పాసా?"

నేను గొంతు పెంచాను.

"అయితే ఈ మాటే బోర్డుకి చెప్పుకో!"

"ఏమని చెప్పను? పన్నెండేళ్ళప్పుడు పద్యం బాగా చెప్పాడండీ అనా? నవ్వి పంపిస్తారు. రుజువు ఇంకొకటుంది, అది అసలు చెప్పలేను."

"ఏమిటది?"

మెలేరి గొర్రెపిల్ల చెవులు సవరించడం మొదలుపెట్టింది.

"ఆ గదిలో నా కళ్ళు బాగున్నాయన్నావు."

"నేనా? అబద్ధం!"

"మూడుసార్లు. అవే మాటలు, అదే నవ్వు. మొదటిసారి సంతోషించాను. రెండోసారి ఇదేమిటా అనుకున్నాను. మూడోసారి నా గుండె ఆగిపోయింది, ఎందుకంటే ముందు రెండుసార్లూ అన్నట్టు నీకు గుర్తే లేదు."

"మరి ఫైల్లో ఎందుకు రాయలేదు?"

"ఎలా రాస్తాను, మూర్ఖుడా? మొదటిసారి డాక్టరు సంతోషించింది అని కూడా రాయనా?"

వర్షం రేకుల మీద టపటపా పడుతోంది. నాకు ఆ గది గుర్తుంది. ఫైలు గుర్తుంది, కోటు గుర్తుంది. ఈ మాట మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"నీకు ఎర్ర జెర్సీ కావాలి. తెలుసు," అంది మెలేరి, గొంతు తగ్గించి. "నాకు మాత్రం నువ్వు యాభై ఏళ్ళకి నీ పేరు నువ్వు చెప్పుకోగలగాలి. అంతే. వెళ్ళి సంతకం పెట్టుకో."

ఇంటికి నడుస్తూ ఆ పద్యం మొదలుపెట్టాను, పంతానికి. ఆ పోటీ అయినప్పటినుంచి ఏటా క్రిస్మస్‌కి నాన్నమ్మకి అప్పజెబుతూనే ఉన్నాను, మొన్నటిదాకా ఒక్క అక్షరం పోలేదు. నలభై రెండో పంక్తి దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మళ్ళీ అక్కడే. మా పొలం గేటు పట్టుకుని అలా నిలబడిపోయాను. భయం వేసింది. ఆ తర్వాత, ఆ భయం కంటే ఎక్కువగా, నా మీద నాకే మంటెత్తింది.

* * *

గురువారం బోర్డు గదిలో ఛైర్మన్ నెస్ట్ బైనన్ గారు కళ్ళద్దాలు సర్దుకుని, "కాగితం తెచ్చావా అబ్బాయ్?" అన్నారు. బల్లకి ఒక పక్క గార్మన్, ఇంకో పక్క మెలేరి. ఆమె నా వంక చూడలేదు.

"తెచ్చానండి. సంతకం పెట్టలేదు. ఇందులో ఉన్నది అబద్ధం."

"ఒరేయ్ ఇల్టుడ్!" అన్నాడు గార్మన్.

"జులైలో నాకు పది మాటలూ గుర్తున్నాయండి. కావాలని ఐదే చెప్పాను. మొన్న నిజంగానే ఐదే గుర్తున్నాయి. డాక్టరు ఆపడం న్యాయం. నన్ను ఆపకపోతే తప్పయ్యేది."

"నోరు మూసుకో! నీ కెరీర్ నువ్వే నరుక్కుంటున్నావు. రేపు సెలెక్టర్లకి తెలిస్తే..."

"మూసుకోను!" బల్ల మీద చరిచాను. నీళ్ళ గ్లాసులు ఎగిరాయి. "నవంబరులోనే ఈవిడ మిమ్మల్ని అడిగింది, మళ్ళీ పరీక్ష పెట్టాలని. కుదరదన్నారు. మా తలకాయలు మీకు స్క్రమ్‌లో ఎదుటి జట్టుని నెట్టడానికేనా? ఊరంతా ఈవిడకి మొహం చాటేసింది, వెనిగర్ కూడా వెయ్యట్లేదు. తప్పు నాది, శిక్ష ఈవిడకి! ఇదెక్కడి న్యాయమండీ?"

గార్మన్ మొహం వేల్స్ జెర్సీ రంగుకి తిరిగింది. నెస్ట్ గారు చాలాసేపు ఏదో రాసుకున్నారు.

"డాక్టరు ఉద్యోగంలోనే ఉంటుంది. జట్టు మొత్తానికి మళ్ళీ పరీక్ష. గార్మన్, నీతో విడిగా మాట్లాడాలి. ఇల్టుడ్, నీకు ఎనిమిది వారాలు నిషేధం. ఎంపిక చేసేవాళ్ళకి ఉత్తరం రాస్తాను, దాచను."

ఎనిమిది వారాలంటే ఆరు దేశాల పోటీ మొత్తం అయిపోతుంది. మధ్యలో ఎవరైనా గాయపడితే పిలుస్తారేమోనన్న చివరి ఆశ కూడా పోయింది. వచ్చే ఏడాదికి నాకు ముప్ఫై దగ్గరపడతాయి.

"సరేనండి," అన్నాను.

"డాక్టర్, సోమవారం ఈ అబ్బాయికి మొదటి పరీక్ష నువ్వే పెట్టు."

"నేను పెట్టకూడదండి," అంది మెలేరి.

"ఎందుకని?"

"ఆటగాడితో సొంత సంబంధం ఉంటే డాక్టరు ముందే బోర్డుకి చెప్పి తప్పుకోవాలి. మన నియమాల్లోనే ఉంది."

నెస్ట్ గారు కళ్ళద్దాలు తీసేశారు. "సంబంధమా? ఎప్పటినుంచి?"

"ఈ శనివారం నుంచండి. మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. రాసుకోండి."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? నా జీవితంలో అంత పెద్ద విషయం, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేసింది!

"నన్ను అడగనేలేదు!" అన్నాను.

"అబ్బాయికి అభ్యంతరం ఉందా?" అని నెస్ట్ గారు కలం పైకెత్తి ఆగారు.

"ఉందండి! శనివారం దాకా ఎందుకు ఆగాలి?"