మూడో పూత

పక్కనున్న గెడ్డ వాగు పొంగి జాలర్ల పేటలో మోకాటిలోతు నీళ్లు నిలిచిన ఏడాది అది. పన్నెండు రోజులు పేట జనమంతా బడి వరండాలో ఒకరి చాప మీద ఒకరు పడుకున్నారు. ఇళ్లకు చేరాక బురదనైతే కడిగేసుకున్నారు గానీ, ఆ చాపలు అంటించిన గజ్జి మాత్రం నెలైనా వదల్లేదు.

ఆ మంగళవారం కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. వరహాలు కొడుకు మరబోటు మీద వేటకు పోయి ఆరు రోజులైంది. భార్య నూకాలు, కోడలు గౌరీశ్వరి గంపలెత్తుకుని హార్బరులో చేపల వేలంపాటకు వెళ్లారు. ఇంటి దగ్గర మిగిలింది వరహాలు, మూడేళ్ల మనవరాలు చిట్టమ్మ.

వరహాలు గుమ్మంలో కూర్చుని ఉంటే ఎర్రయ్య వల భుజానేసుకుని అటుగా వచ్చాడు.

“ఏటి బావా, సేతులు సంకలో దాసేసినావు? సలేత్తందా?”

“ఊఁ.”

“ఇంతెండలో సలేటి బావా!” అని నవ్వుకుంటూ పోయాడు ఎర్రయ్య.

వరహాలుకు రోజుకు పది మాటలు ఖర్చయితే ఎక్కువ. ఆ పూట చేతులు దాచింది మాత్రం చలికి కాదు. వేళ్ల సందుల్లో పొక్కులున్నాయి. గజ్జి పిల్లలకొస్తుంది, ఆడాళ్లు మందు రాస్తారు. పెద్ద మగాడికి వచ్చిందంటే వాడు పట్టుకున్న తాడు ఇంకొకడు ముట్టుకోడు. అందుకే నూకాలుకు కూడా చెప్పలేదు.

శనివారం దీవెనమ్మ నర్సు పేటకొచ్చి ఇంటికో సీసా తెల్లమందు ఇచ్చింది. “ఇంట్లో అందరూ ఒకే సాయంత్రం రాసుకోండి. పొడి ఒంటి మీద, మెడ కింద నుంచి, ఒక్కసారే. పొద్దున్న కడిగేయండి. చాపలు, బట్టలు ఉడకబెట్టి ఎండేయండి,” అని మరీ మరీ చెప్పింది. విన్నదంతా ఆడవాళ్లే. మగాళ్లు దూరంగా పడవల దగ్గర బీడీలు కాల్చుకుంటూ నిలబడ్డారు. నూకాలు ఇంటిల్లిపాదికీ వంతులు పోసేసరికి వరహాలు చిన్న సీసా ముందుకు చాపాడు. “నా వొంతు ఇందల పోసీ. నానే రాసుకుంటాను.”

ఆ సాయంత్రం నూకాలు పిల్లకు రాసింది గానీ, వరహాలు రాసుకోలేదు. ఆదివారం గడిచింది, పిల్ల ఇంకా గోక్కుంటూ ఏడుస్తూనే ఉంది. వరహాలుకు తెలిసిన పురుగు పడవ చెక్కను తినే పురుగు. అది ఒక్క పూత జీడినూనెకు చావదు. మూడు పూతలు పడాలి. అదీ చెక్క ఎండకు బాగా వేడెక్కాక పూస్తేనే నూనె లోపలికి ఇంకుతుంది. పిల్ల ఒంటికి పడింది ఒక్క పూతే కదా అనుకున్నాడు. సోమవారం ఆడవాళ్లు హార్బరుకు పోగానే చిట్టమ్మకు వేడినీళ్లు పోసి, ఒళ్లు వెచ్చగా ఉండగానే తన వంతు మందు తలనుంచి పాదాల దాకా రాశాడు. ఈ రోజు మూడో పూత. సీసాలో చుక్క మిగల్చలేదు.

“తాతా, నాను పడవనా?” అంది చిట్టమ్మ, పడవకు పూసినట్టు రాస్తున్న ఆ చేతుల కితకితలకు మెలికలు తిరుగుతూ.

“ఊఁ. నా పడవవి.”

ఎండెక్కాక నూకాలూ గౌరీశ్వరీ తిరిగొచ్చేసరికి పిల్ల వాంతి చేసుకుంది. గంప దించుతుండగానే చిట్టమ్మ కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలెట్టాయి. గౌరీశ్వరి గంప విసిరేసి పిల్లను ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఆటోలోనే రగడ మొదలైంది.

“పొద్దున్న ఏటి పెట్టినావత్తా దానికి?”

“నానేటి పెడతానే! గంజే గదా తాగింది.”

“ఆ మందు నువ్వే గదా రాసినావు! పసిదానికి ఒద్దంటే ఇన్నావా? నా పిల్లకేటన్నా అయితే నీ గడప తొక్కను. పెందుర్తిల మా యమ్మ కాడికి ఎలిపోతాను, సూసుకో!”

“నర్సమ్మ సెప్పినట్టే రాసినానే తల్లీ, ఒక్కసారే రాసినాను...” నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది.

పిల్ల పాదాలు వరహాలు ఒళ్లో ఉన్నాయి. తన చేతుల్ని పిల్ల గౌను అంచు కింద దాచుకున్నాడు. ఖాళీ సీసా మొలలో గుచ్చుకుంటోంది.

ఆసుపత్రిలో సూదిమందుతో మూర్ఛ తగ్గింది గానీ పిల్ల కళ్లు తెరవలేదు. సుందర్ రాజ్ అనే కుర్ర డాక్టరు నుదురు పట్టి చూశాడు.

“జ్వరం ఉందా? ఎక్కడైనా పడిందా? ఏమైనా మందు వాడారా?”

“గజ్జిమందు రాసింది మా అత్త. శెనివారం, ఒక్కసారి,” అంది గౌరీశ్వరి, నూకాలు వైపు చూడకుండా.

“ఒక్కసారికి, అదీ మూడు రోజుల తర్వాత, ఇలా రాదమ్మా. మెదడు జ్వరమేమో చూడాలి. వెన్నులో సూది పెట్టి నీరు తియ్యాలి.”

పిల్లను పక్కకు తిప్పి ముడుచుకునేలా పడుకోబెట్టారు. పళ్లెంలో పొడుగాటి సూది వచ్చింది. ఆ చిన్న వీపు మీద దూది తడి తగిలింది.

“ఆగండి బాబూ!”

ఆ గొంతు ఎవరిదా అని నూకాలే వెనక్కి తిరిగి చూసింది. వరహాలు మొలలోంచి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

“ఒక్కపాలి కాదు. మూడుపాల్లు. నిన్నా ఈయేలా నానే రాసినాను. యేన్నీళ్లు పోసి, ఒళ్లు యెచ్చగుండగానే, పడవ సెక్కకి పూసినట్టు. నా వొంతు మందది.”

“నీ వంతు నువ్వెందుకు రాసుకోలేదు?”

వరహాలు రెండు చేతులూ బయటికి తీశాడు. వేళ్లు విడదీసి దీపం కింద పట్టాడు.

డాక్టరు ఆ చేతులు చూశాడు, సీసా చూశాడు. “సిస్టర్, ఆ సూది పక్కన పెట్టేయండి. ముందు పిల్లకి ఒళ్లంతా సబ్బుతో కడగండి. వేడినీళ్లు వద్దు, నూనె ముట్టించొద్దు.” తరువాత వరహాలు వైపు తిరిగాడు. “ఇది చర్మం తాతా, చెక్క కాదు. వేడి ఒంటికి రాస్తే మందు నెత్తుట్లోకి దిగిపోతుంది. శనివారం పూతకే పురుగు చచ్చుంటుంది. చచ్చినా రెండు వారాలు దురద ఉంటుంది. దురదుందని మళ్లీ మళ్లీ రాయకూడదు. పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది?”

“నా పక్కనే.”

“అయితే నువ్వు దాచుకున్నన్నాళ్లూ దానికి మళ్లీ అంటిస్తూనే ఉంటావు.”

మధ్యాహ్నమంతా వరండాలో ముగ్గురూ మూడు స్తంభాల దగ్గర కూర్చున్నారు. నూకాలు మొగుడి వేళ్ల వైపు చూస్తూ అంది.

“నలభయ్యేళ్లు కాపరం సేసినాను. నీ సేతులు నాకు సూపించలేకపోనావు.”

వరహాలు చేతులు తిరిగి సంకలో పెట్టుకోలేదు.

నాలుగు దాటాక ఆసుపత్రి నర్సు పిలిచింది. చిట్టమ్మ కళ్లు తెరిచి ఉంది. అందరినీ ఒకసారి చూసి, “తాతా, రొయ్యల కూర,” అంది.

గౌరీశ్వరి ఏడుస్తూ నవ్వింది. అత్త భుజం మీద తల పెట్టేసింది. “నోటికొచ్చినట్టు తిట్టినానత్తా.”

“తిట్టుకోయే. పిల్లుంది గదా, రోజూ తిట్టు,” అంది నూకాలు ఆమె జుట్టు సవరిస్తూ.

ఆ రాత్రికి పిల్లను ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. వరహాలు ఇంటికి బయల్దేరుతుంటే గౌరీశ్వరి మెట్లదాకా వచ్చింది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు, అయినా గొంతు మెత్తబడింది.

“మావా, నువ్వా మాట సెప్పకపోతే నా పిల్ల ఎన్నులో సూది గుచ్చీసీవోరు. ముందే సెప్పుంటే ఇక్కడికే వచ్చీవోలం కాదు.”

“ఊఁ.”

“ఇంకెప్పుడూ నీ వొంతు ఎవలకీ ఇయ్యకు.”

మర్నాడు పొద్దున్న మందు చాలని ఇళ్ల కోసం దీవెనమ్మ మళ్లీ పేటకొస్తే ఆమె ముందు ఆడవాళ్లూ పిల్లలూ వరస కట్టారు. మగాళ్లు ఎప్పట్లాగే పడవల దగ్గర నిలబడ్డారు. వరహాలు చేతులూపుకుంటూ వాళ్ల ముందు నుంచే నడిచాడు.

“ఏటి బావా, సలి పోయిందా?” అన్నాడు ఎర్రయ్య వేళ్ల సందులు గోక్కుంటూ.

వరహాలు ఆగి, రెండు అరచేతులూ అతని మొహం ముందు పెట్టాడు. “సలి కాదు బావా, గజ్జి. నీకూ ఉన్నాది. రా.”

పోయి వరసలో ఆఖర్న నిలబడ్డాడు. తన వంతు రాగానే చేతులు చాపాడు.

“నర్సమ్మా, నా వొంతియ్యి. పొడి ఒంటికి, ఒకటే పూత. తెలుసు నాకు.”

సీసా అందుకుని వెనక్కి తిరిగేసరికి, చేతులు సంకలో పెట్టుకుని ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు.