గిటారు ఊఁ కొట్టింది

ఈ కథ మైకు ముందు నిలబడి చెప్పాల్సింది. గణపతి మండపాల్లో, జాగారాల్లో ఎన్ని కథలు చెప్పానో లెక్కలేదు. ఎదురుగా నలుగురు కూర్చుంటే నాకు గొంతు దానంతటదే లేస్తుంది. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ముందు ఆ యాదగిరి నర్సింహస్వామికి దండం పెట్టుకోనివ్వండి.

కొత్తపేటలో ఫ్యాన్లకూ మోటార్లకూ రాగితీగ చుట్టడం నా పని. సాయంత్రాలు భజన, మధ్యమధ్య పురాణ కథ. కథంటే ఊఁ కొట్టే మనిషి ఉండాలి. నాకు ఆ మనిషి నా భార్య విజయశ్రీ. ముందు వరసలో కూర్చునేది. ఎంత జనమున్నా ఆమె ఊఁ నాకు వేరుగా వినబడేది. ఎవరైనా మధ్యలో లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. "ఊఁ కొట్టినంక మంగళం పాడేదాక లేవొద్దు. కథ పట్టుకుంటది" అనేది.

ఆమె పోయాక నిండు మండపంలో కూడా నేను ఒక్కణ్నే ఉన్నట్టుండేది.

అది సకల జనుల సమ్మె కాలం. బస్సుల్లేవు. బొగ్గు రాక కరెంటు లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద కుక్కలే తిరుగుతున్నాయి. ఊరికే కూర్చోలేక, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న పాత మోడల్ ఎలక్ట్రిక్ గిటారు నా చేత్తోనే చేయడం మొదలుపెట్టాను.

కట్టె గడ్డిఅన్నారంలో కూలగొట్టిన ఒక ఇంటిది. టేకు బల్ల. ఒకరే ఏండ్ల తరబడి కూర్చొని నడుమ గుంట పడింది. అమ్మినతను నవ్వాడు. "కిష్టమ్మ బల్ల గిది. సచ్చేదాక దారిన పోయేటోళ్లను ఆపి తన కథ చెప్పేది ముసల్ది. ఒక్కడన్న నిలబడితే ఒట్టు." ఆ గుంట నా పొట్టకు సరిగ్గా ఆనుతుందని ఆ ముక్కే కోశాను. గరుకు కాగితంతో రుద్దితే టేకు వాసన వెనకే తమలపాకు, సున్నం వాసన వచ్చింది.

తీగల కింద ఉండి వాటి మోతను పట్టే పికప్ కూడా నేనే చుట్టాను. వెంట్రుక కన్నా సన్నని రాగితీగ. పాతకాలపు మోత కావాలని దానికి మైనం పోయలేదు. మైనం లేని చుట్ట మాటల్ని కూడా పట్టుకుంటుంది. దగ్గర మాట్లాడితే స్పీకర్‌లోంచి మన గొంతే వస్తుంది.

ఆ మధ్యాహ్నం స్కూటర్ బ్యాటరీకి స్పీకర్ డబ్బా కలిపి, గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. ఇంట్లో కరెంటుంటే ఇలాంటి చుట్ట గుంయ్‌మంటుంది. ఆ రోజు ఊరంతా కరెంటు లేదు. డబ్బా మూగగా ఉంది. "శ్రీరామ" అన్నాను. "శ్రీరామ" అంది డబ్బా. ముచ్చటేసింది. వినేవాళ్లు లేకపోయినా ప్రహ్లాదుని కథ ఎత్తుకున్నాను.

"అనగనగా హిరణ్యకశిపుడని ఒక రాజు..."

ఊఁ.

ఆగాను. బయట ఆకు కూడా కదలడం లేదు.

"ఆ రాజుకొక కొడుకు..."

ఊఁ.

బ్యాటరీ తీగ పీకేశాను.

"ఆ కొడుకు..."

ఊఁ.

అప్పుడే లేచి పారిపోవాల్సింది. కానీ ఎన్ని రోజులైంది, నాకు ఒకరు ఊఁ అని? "విజయా..." అన్నాను గుసగుసగా.

ఊఁ.

కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే చెప్పాను. ఎండ గోడ దిగింది. గదిలో మసక నిండింది. స్తంభంలో ఉన్నాడా నీ హరి అని రాజు అడిగే చోటికి వచ్చి ఆపేశాను. కథ పూర్తయితే మంగళం పాడాలి. మంగళం పాడితే ఆమె వెళ్లిపోతుంది.

"మిగతాది రేపు. పోకు..."

ఊఁ రాలేదు.

తమలపాకు వాసన వచ్చింది. దగ్గరగా... చెవి పక్కనే.

విజయ ఎన్నడూ ఆకు నమిలింది కాదు.

తలుపు చప్పుడైంది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు కమలాకర్, కొవ్వొత్తి పట్టుకొని నిలబడ్డాడు.

"నర్సింహన్నా, గా ముసలామె ఎవరే? ఊరి నుంచి వచ్చిందా?"

ఎవరూ రాలేదని, నేనే కథ చెప్పుకుంటున్నానని అన్నాను.

కమలాకర్ నవ్వాడు. "నువ్వేడ చెప్పినవన్నా? మధ్యాహ్నం సంది కిందికి ఇనబడ్తనే ఉంది, ఆమెనే చెప్తుంది. నువ్వు ఊఁ కొడ్తనే ఉన్నవ్. మస్తు ఓపికనే నీకు."

"ఏం... కథ?"

"ఆమెదే. పుట్టిన కాడ్నుంచి ఎత్తుకుంది. ఇంక పెండ్లి కాడికి కూడ రాలే."

లేవబోయాను. ఒళ్లో గిటారు కదల్లేదు. కట్టె వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో లేచి వెళ్లిన బల్లలాగా... కాదు, ఇంకా కూర్చునే ఉన్నట్టు. కమలాకర్ మెట్ల వైపు తిరిగాడు. కొవ్వొత్తి వెలుగు గోడ మీద చిన్నదవుతోంది. నన్ను ఒంటరిగా వదిలి పోవద్దు తమ్మీ అని పిలుద్దామని నోరు తెరిచాను.

"ఊఁ" అని వచ్చింది.