మూడుసార్లు నేనే విరిచిన చీల

నేను తోటమాలిగా పనిచేసే లేడీ పార్జెటర్ గారి ఎత్తుగోడల తోటకున్న ఇనప గేటు వయసు రెండు వందల ఏళ్లు. ఇన్నాళ్లూ బుద్ధిగానే ఉంది. ఈ వేసవిలో దాని కీలు చీల నాలుగుసార్లు విరిగింది. మొదటిసారి దానంతటదే. మిగతా మూడుసార్లూ నేను.

కారణం హెస్టర్. పక్క ఊళ్లో కమ్మరి. మొదటిసారి రాగానే నా మీద విరుచుకుపడింది.

"గేటుకున్న ఇనప గులాబీల మీద నిజం గులాబీ తీగ పాకించింది మీరేనా?"

"నేనే. అందంగా ఉంటుందని."

"అవును, దాని కింద పట్టిన తుప్పు కూడా చాలా అందంగా ఉంది. కొట్టేయండి."

కొట్టేశాను. పదకొండేళ్లు పెంచిన తీగ. కాస్త కూడా బాధ కలగలేదు. అప్పుడే నా మీద నాకు అనుమానం వచ్చింది.

తర్వాత రెండు వారాలకోసారి ఆకురాయితో చీల అరగదీసేవాణ్ణి. గేటు ఒరిగేది. హెస్టర్ వానలో తడుస్తూ వచ్చేది, కొత్త చీల వేసేది, నా టీ తాగి బాగాలేదని చెప్పి వెళ్లేది. ఈలోగా కుందేళ్లు దూరి లెట్యూస్ ఆకుకూర మొత్తం తినేశాయి. ప్రేమలో ఎవరో ఒకరు బాగుపడాలి కదా.

నాలుగోసారి లేడీ పార్జెటర్ గొడుగేసుకుని వచ్చారు.

"ఈ అమ్మాయికి పని రాదు, జెత్రో. బంగళా ముందు వైపు పెద్ద గేట్ల పని వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నా."

ఆ గేట్ల పని కోసం హెస్టర్ మూడేళ్లుగా ఎదురుచూస్తోంది. తన చెవులు ఎర్రబడ్డాయి కానీ సుత్తితో చీల దిగ్గొడుతూనే ఉంది.

"తప్పు తనది కాదు మేడమ్. చీల నేనే అరగదీశాను."

"ఎందుకు?"

"బాగుచెయ్యడానికి తనొస్తుందని."

ఆవిడ పీచ్ చెట్ల వంక చూశారు.

"ఆకురాయి ఎవరిది?"

"మీదే, మేడమ్."

"ఇటివ్వు. పెద్ద గేట్లు ఈ అమ్మాయే చేస్తుంది. నువ్వు వాటి దరిదాపుల్లో కనిపించకు."

"మరి నా ఉద్యోగం?"

"పీచ్ పళ్లు కోతకొచ్చాయిగా. ఉండు."

ఆవిడ వెళ్లిపోయాక హెస్టర్ సుత్తి కింద పెట్టింది.

"చీల మీద ఆకురాయి గీతలు రెండోసారి వచ్చినప్పుడే చూశాను."

"మరి ఆవిడ అన్నేసి మాటలంటుంటే చెప్పలేదేం?"

"నీ ఉద్యోగం పోతుందని."

"చూసి కూడా మళ్లీ మళ్లీ ఎందుకొచ్చావు?"

"వచ్చి ఊరుకున్నానా? ఆ తర్వాతి చీలలన్నీ మెత్తటి ఇనుముతో చేశాను. నీ చేతులు నొప్పిపుడతాయని."