గేజీ గది తీగ

బాన్సువాడ నుంచి నస్రుల్లాబాద్ దిక్కు కాలువ కట్ట మీద పోతుంటే, మూడో మోరీ దాటినంక ఒక రాతి బంగ్లా ఉండేది. పొద్దుగూకినంక దాని ముందు నుంచి ఒక్క మనిషి పోకపోతుండె. ఎడ్లబండ్లోళ్లు సుత ఆడికి రాంగనే కట్ట దిగి, పొలాల పొంటి చుట్టు తిరిగి పోతుండిరి. ఎందుకని అడిగితే మొదలు చెప్పరు. తర్వాత గొంతు తగ్గించి ఒక్క మాట అంటరు —

"అది... పేరడుగుతది."

నాకు ఈ సంగతి చెప్పింది సాయన్న. కాలువ గేట్లు తిప్పే లష్కర్ పని చేసి రిటైరైండు. ఆ రాత్రి బంగ్లా గడపల కూసున్నది ఆయననే. ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్త.

ఎనభై ఏడు. యాసంగి.

అంతకు నాలుగేండ్ల కింద ఆ బంగ్లాల ఎల్లన్న ఉంటుండె. కాలువల నీళ్లు ఎన్ని అడుగులున్నయో చూసి రాసుకునే పని ఆయనది. రాత్రి కట్ట మీద అలికిడైతే చాలు, లాంతరు ఎత్తి "ఎవలదీ?" అని కేకేసేటోడు. ఒక వానాకాలం రాత్రి ఆ కేక ఆగిపోయింది. కింది మోరీ కాడ దొరికిండు... నీళ్లల్ల.

తర్వాత బంగ్లా పాడువడ్డది. నాలుగేండ్లకు కాలువ ఆఫీసోళ్లు దానికి సున్నమేసి కంప్యూటర్ తెచ్చి పెట్టిండ్రు. టీవీ అసొంటి తెర లేదు దానికి. టైపు మిషను లెక్క ఉంటది. అది అడిగేదీ, మనం చెప్పేదీ అన్నీ కాగితం చుట్ట మీద అచ్చయితయి. మొదలు పేరడుగుతది. తర్వాత నీటి మట్టం అడుగుతది. చెప్తే, ఏ గేటు ఎంత ఎత్తాల్నో చీటీ ఇస్తది. చీటీ లేకుంట గేటు ముట్టుకుంటే సాయన్న నౌకరి పోతది. చివరి తండాలకు నీళ్ల వంతు రాత్రి పూట. కాబట్టి రాత్రి కూడ ఎవలో ఒకలు మిషను ముంగట కూసోవాలె.

ఒక నెల మంచిగనే నడిచింది.

ఒక రాత్రి — కూసున్న మనిషి చెయ్యి తాకకముందే — మిషను తనంతట తనే కొట్టుకునుడు మొదలువెట్టింది. ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు మాట. ఎవరు? ... తప్పు. మళ్లీ చెప్పు. ... ఎవరు?

ఆ మనిషి చెప్పులు ఇడిచివెట్టి ఉరికిండు. రెండో మనిషికి జెరమొచ్చి దవాఖానల వడ్డడు. ఎల్లన్ననే మిషన్ల జొచ్చిండని ఊరంత గుప్పుమన్నది. ఎనిమిది రాత్రులు చీటీ లేదు. చివరి తండాల వరి పొట్ట మీద ఉంది. మడులు పగిలి నెర్రెలువడ్డయి.

తొమ్మిదో దినం భీమ్లి ఆఫీసుకొచ్చింది. చివరి తండాల ధర్మా బిడ్డ. పది పాసై, బాన్సువాడల టైపు నేర్చుకున్నది. ఆఫీసు పెద్ద క్లర్కు పండరి ముంగట నిలవడ్డది.

"రాత్రి నేను కూసుంట సార్."

పండరి నవ్విండు. "మగోళ్లే ఉరికిండ్రు. తండా పోరివి, నువ్వు కూసుంటవా?"

"ఎండుతున్నది ఆ మగోళ్ల పొలం కాదు సార్. మాది."

పండరి నవ్వు ఆగింది. "సరే, ఒక్క రాత్రి చూస్త. పేరడిగితే నా పేరు కొట్టు. ఇంకెవలిదీ అది ఒప్పుకోదు. నేనే అట్ల రాయించిన."

"పని నేను చేస్తే, పేరు మీదెందుకు?"

"నౌకరి ఇంకా ఇయ్యలే నీకు," అన్నడు పండరి.

భీమ్లి మధ్యాహ్నమే బంగ్లాకు పోయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు ఇడిచిపోయిన చిన్న పుస్తకం ఒకటి మిషను పక్కన ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కుంట, వేలు పెట్టి చదువుకుంట కూసున్నది. పొద్దుగూకే ముందర నీళ్లు కొలిచే గేజీ గదికి పోయి నీటి మట్టం చూసొచ్చింది. ఆ గది కట్ట మీద ఇంకొంచెం పైకి ఉంటది. తలుపు లేదు దానికి. మూలకు గోనె సంచి కప్పి ఏదో ఉంది.

చీకటి వడ్డది.

సాయన్న గడపల కూసున్నడు. లోపలికి అడుగు పెట్టనన్నడు. తొమ్మిది కొట్టింది... తొమ్మిదిన్నర... కాలువ నీళ్ల సప్పుడు తప్ప ఏం లేదు.

కర్ర్... కర్ర్ర్...

సాయన్న తల తిప్పి చూసిండు. భీమ్లి రెండు చేతులు ఒళ్లెనే ఉన్నయి. అయినా కాగితం కదులుతున్నది.

ఎవరు?

"బిడ్డా..." సాయన్న గడపలకెల్లి చెయ్యి ఊపిండు. "లే, పోదాం."

భీమ్లి లేవలేదు. మిషను మీదికి వంగి టపటప కొట్టింది — భీమ్లి.

తప్పు. మళ్లీ చెప్పు. ఎవరు?

మళ్లీ కొట్టింది. భీమ్లి.

తప్పు.

మూడోసారి కొట్టింది. తప్పు.

"పండరి సార్ పేరు కొట్టు బిడ్డా," గుసగుసగ అన్నడు సాయన్న. "చీటీ వస్తది. తీస్కొని పోదాం."

"కొట్టను."

"మొండికెయ్యకు..."

"నా పేరు తప్పెట్ల అయితది కాకా?" భీమ్లి గొంతు లేసింది. "మా అమ్మ, మా యాడి పెట్టిన పేరు. గిది తప్పంటదా?"

పుస్తకం తీసింది. ఒక పేజీ కాడ ఆగి, మూలకున్న మీట నొక్కింది. మిషను సప్పుడు ఆగింది. ఇంకేదో కొట్టింది. అంతే — కాగితం మీద వరుసలు వరుసలుగ అక్షరాలు దిగవడ్డయి. పక్కన అంకెలు. పది, ఇరవై, ముప్ఫై, నలభై...

లాంతరు దగ్గరికి జరుపుకొని వేలు పెట్టి చదివింది. చదువుతుంటే చదువుతుంటే మొకం మారింది.

"కాకా, ఇటు సూడు. ముప్ఫై కాడ 'ఎవరు' అని అడిగి, జవాబు కొట్టేదాక ఆగుమని రాసి ఉంది. నలభై కాడ — వచ్చిన పేరు పండరి కాకుంటే 'తప్పు' అను, వెనుకకు పోయి మళ్ల అడుగు — అని రాసి ఉంది. గంతే. గిది దెయ్యం కాదు. మనిషి రాసిన మాటలే."

"మనిషి రాస్తే?"

"మనిషే మార్చొచ్చు."

నలభై అని కొట్టి, ఆ మాట మళ్ల మొదటి నుంచి రాసింది. పండరి అయినా సరే, భీమ్లి అయినా సరే అని. మీట నొక్కింది.

ఎవరు?

భీమ్లి.

మిషను ఒక్క క్షణం ఊకున్నది...

నీటి మట్టం?

నాలుగు అడుగుల రెండు అంగుళాలు. కర్ర్ర్ మని చీటీ దిగింది. చివరి గేటు తొమ్మిది అంగుళాలు ఎత్తుమని. భీమ్లి దాన్ని చింపి సాయన్న చేతుల పెట్టింది. ఆయన నవ్వబోయిండు —

తప్పు. మళ్లీ చెప్పు. ఎవరు?

ఇద్దరూ మిషను దిక్కు తిరిగిండ్రు. దాని దగ్గర ఎవలూ లేరు.

తప్పు. మళ్లీ చెప్పు. ఎవరు?

భీమ్లి కాగితం దగ్గరికి గుంజి చూసింది. జవాబు ఉండాల్సిన జాగా ఖాళీగ ఉంది. "ఎవలో ఏం పేరు కొట్టకుంటనే జవాబు మీట నొక్కుతున్నరు," అన్నది మెల్లగ. "మనం కాదు. అయితే ఏడికెల్లి...?"

పుస్తకంల ఒక బొమ్మ ఉంది. మిషను నుంచి ఒక తీగ బయటికి పోతది. దాని కొసకు ఇంకొక మీటల పెట్టె. మట్టం చూసిన కాడనే కొట్టెటందుకు పెట్టి, అక్షరాలు తప్పు వడుతున్నయని వాడుడు బంద్ చేసిండ్రంట. సాయంత్రం గేజీ గది మూలకు గోనె సంచి కప్పి ఉన్నది అదే.

భీమ్లి బ్యాటరీ లైటు అందుకున్నది.

"వద్దు బిడ్డా." సాయన్న ఆమె చెయ్యి పట్టుకున్నడు. "ఎల్లన్న నీళ్లల్ల వడ్డది ఆ గది ముంగటనే."

"అయితే ఆయననే అడుగుత. మా మడులు ఎందుకు ఎండవెడుతుండో చెప్పుమంట."

ఒంటరిగ ఉండుడు ఇంకా భయం. సాయన్న కట్టె పట్టుకొని ఆమె ఎనుక నడిచిండు.

కట్ట మీద తీగ నల్లగ పాకి పోతున్నది. ఒక పక్క నీళ్లు. ఇంకో పక్క చీకటి. లైటు ఆర్పుకొనే నడిచిండ్రు. గది దగ్గరికి వచ్చిండ్రు...

టింగ్.

లోపల చిన్న గంట సప్పుడు.

టింగ్.

గడపల నిలవడి చూస్తే — మూలకు — తెల్లగ ఏదో వంగి కూసున్నది. జుట్టు విరబోసి ఉంది. సన్నగ ఏదో మాట్లాడుతున్నది...

సాయన్న చేతుల కట్టె జారి కిందవడ్డది. ఆ తెల్లటి ఆకారం తల తిప్పింది. భీమ్లి కాళ్లు ఎనుకకు పోతమన్నయి. పోనియ్యలేదు. లైటు మీట నొక్కింది.

"లైటు తియ్యి బిడ్డా... కండ్లు గుంజుతున్నయి."

పోసవ్వ. ఎల్లన్న పెండ్లాం. అరవై ఏండ్ల ముసలిది, తెల్ల చీర కట్టుకొని.

సాయన్న గడప దాటొచ్చిండు. "వదినా... నువ్వా! గీ రాత్రి గీడ ఏం చేస్తున్నవ్?"

"మాట్లాడుతున్న."

"ఎవలితోని?"

పోసవ్వ మీటల పెట్టెల అన్నిటికన్న పెద్ద మీట మీద వేలు పెట్టి నొక్కింది.

టింగ్.

"విన్నరా?" అన్నది. మొకంల చిన్నపిల్ల సంబురం. "పిలిస్తే పలుకుతుండు. నాలుగేండ్లు పలుకలే. గీ డబ్బా పెట్టినంక పలుకుతుండు."

భీమ్లికి సంగతి సమజైంది. ఈమె ఈడ పేరు కొట్టకుంట జవాబు మీట నొక్కుతది. ఆడ బంగ్లాల మిషను తప్పంటది, మళ్ల పేరడుగుతది. అడిగినప్పుడల్ల ఈ పెట్టెల గంట మోగుతది. బంగ్లాల మనుషులు ఉరికేది ఆ అడుగుడుకే.

తీగ కాళ్ల కాడనే ఉంది. ఒక్క గుంజు గుంజితే ఊడొస్తది. భీమ్లి వంగి పట్టుకున్నది.

"ఎన్నిసార్లు పిలిచినా పలుకుతడా అవ్వా?"

"పలుకుతడు. విసుక్కోడు. బతికున్నప్పుడైతే రెండోసారికే కసురుతుండె."

భీమ్లి తీగ ఇడిచిపెట్టింది. పోసవ్వ పక్కన మోకాళ్ల మీద కూసొని, విరబోసుకున్న ఆమె జుట్టు ముడి వేసింది. మధ్యమధ్యల గంట మోగింది.

బంగ్లాకు తిరిగొచ్చినంక భీమ్లి మిషను ఆపి, నలభైకి ముందల ఇంకొక వరుస రాసింది.

"ఏం రాసినవ్?" అన్నడు సాయన్న. ఇప్పుడు లోపలికొచ్చి పక్కననే నిలవడ్డడు.

"ఖాళీ జవాబు వస్తే తప్పు అనొద్దు, అచ్చు కొట్టొద్దు. గంట ఒక్కటి కొట్టి మళ్ల ఊకుండుమన్న."

సాయన్న చీటీ పట్టుకొని పోయి చివరి గేటు తొమ్మిది అంగుళాలు ఎత్తిండు. నీళ్లు తెల్లారకముందే తండా మడులల్ల వడ్డయి.

పొద్దున పండరి ఇద్దరు బంట్రోతులను ఎంటవెట్టుకొని వచ్చిండు. గడప అవతలనే నిలవడి చీటీ అడిగిండు. మీద భీమ్లి అని చూసి మొకం ఎర్రగ చేసిండు.

"నా పేరేదీ?"

"ఉంది సార్. తీయలే. పక్కన నాది పెట్టిన."

"నిన్నెవలు పెట్టుమన్నరు?"

"ఎవలు వద్దన్నరు సార్? పని నేను చేసిన. నీళ్లు పారినయి. పోయి చూసుకోండ్రి."

పండరి అటు ఇటు చూసి గొంతు తగ్గించిండు. "మరి... దెయ్యం?"

సాయన్న భీమ్లి దిక్కు చూసిండు. ఆమె ఆయన దిక్కు చూడలేదు.

"ఉన్నది సార్," అన్నది. "రాత్రంత గేజీ గదిలనే ఉన్నది. నన్నేం అనలే. మీరెవలన్న రాత్రి ఆ దిక్కు పోయి దాన్ని కదిలిస్తే మాత్రం నాకు సంబంధం లేదు."

బంట్రోతులు ఒక అడుగు ఎనుకకు వేసిండ్రు.

"అయితే... రేపటి నుంచి రాత్రి నువ్వే కూసో," అన్నడు పండరి.

"రాత్రి కూసున్న సార్. నిన్నటి నుంచే రాయుండ్రి."

పండరి సంచిలకెల్లి రిజిస్టర్ తీసి, సైకిలు సీటు మీద పెట్టుకొనే రాసిండు. రాసి, ఎండ ఇంకా ఎక్కకముందే, గేజీ గది దిక్కు తల తిప్పకుంట కట్ట దిగి, పొలాల పొంటి సైకిలు నూకుకుంట పోయిండు.