మట్టిలో దొరకని లేబుల్

"తొక్క వేసేయండి! లేబుల్ పీకక్కర్లేదు!" అని పిడుగు అరిచింది.

అప్పుడే మధ్యాహ్నం అన్నాలయ్యాయి. బడి వెనక కంపోస్టు డబ్బా దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ అరటి తొక్కలో, నారింజ తొక్కలో ఉన్నాయి. వాటి మీద పళ్ళ కంపెనీలు అతికించే చిన్న లేబుళ్ళున్నాయి. ఆ వారం డబ్బా బాధ్యత పిడుగుది. ఆ పిల్లకి అసలు పేరు ఉంది. కానీ ఒకసారి గొంతు విన్నాక ఎవరూ ఆ పేరుతో పిలవరు.

"టీచర్ పీకమన్నారు కదా?" అంది పక్క బెంచీ అమ్మాయి.

"అది పాత సంగతి! ఇప్పుడొచ్చే లేబుళ్ళు తొక్కతోపాటే మట్టిలో కలిసిపోతాయట. మా అమ్మ చెప్పింది. పళ్ళ ప్యాకింగ్‌లో పనిచేసే మా అమ్మకంటే నీకు ఎక్కువ తెలుసా?"

పిడుగు వాళ్ళ అమ్మ వేరే ఊళ్ళో, పళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తోంది. పళ్ళ సీజన్ అయ్యేదాకా ఇంటికి రాదు. ఇంట్లో నాన్నే వంట చేస్తాడు, ఇస్త్రీ చేస్తాడు, జడలూ వేస్తాడు. ఒక జడ చెవి పైన ఉంటే ఇంకోటి చెవి కింద ఉంటుంది. పిడుగు నాన్నని ఏమీ అనేది కాదు. అద్దం చూసుకున్నప్పుడు మాత్రం అమ్మ మీద బెంగ ముంచుకొచ్చేది.

అమ్మ చెప్పిన మాట బళ్ళో చెల్లుతుంటే, అమ్మే కాసేపు బడికి వచ్చినట్టు ఉండేది. అందుకే వారమంతా అలాగే అరిచింది. తర్వాత వేరేవాళ్ళ వంతు వచ్చినా అదే మాట నడిచింది.

కొన్నాళ్ళకి ఎరువు తయారైంది. సైన్స్ టీచర్ జల్లెడ పట్టారు. చిన్న క్లాసు పిల్లలు కుండీలు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడెప్పుడు మొక్కలు నాటుదామా అని కూర్చున్నారు.

జల్లెడ నిండా లేబుళ్ళే తేలాయి. ఎరుపు, పసుపు, నీలం. నిన్ననే అతికించినట్టు నిగనిగలాడుతున్నాయి.

"ఇవన్నీ ప్లాస్టిక్‌వి. పీకొద్దని ఎవరు చెప్పారు?" అని టీచర్ అడిగారు.

అందరూ ఒకేసారి పిడుగు వైపు తిరిగారు.

"మా అమ్మ అబద్ధం చెప్పదు టీచర్," అంది పిడుగు. గొంతు పీలగా వచ్చింది.

"చెప్పదులే. మరి ఏ లేబుళ్ళ గురించి చెప్పింది?"

అప్పుడు గుర్తొచ్చింది పిడుగుకి. ఆ రోజు ఫోనులో అమ్మ "మా షెడ్డులో" అని కూడా అంది. ఆ ముక్కని తనే మింగేసింది.

"ఇవన్నీ ఏరాకే మొక్కలు," అన్నారు టీచర్. చిన్న పిల్లలు మొహాలు వేలాడేసుకుని, ఖాళీ కుండీలతో క్లాసుకి వెళ్ళిపోయారు.

పిడుగు మట్టి ముందు చతికిలబడి ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ వెతకసాగింది. అమ్మ వాళ్ళ షెడ్డు లేబుల్ ఆకుపచ్చగా, చుట్టూ తెల్ల గీతతో ఉంటుంది. బళ్ళో ఆ పళ్ళు తినేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కటైనా ఉండాలి కదా! గోళ్ళ నిండా మట్టి చేరింది కానీ ఒక్కటీ కనబడలేదు.

"టీచర్, అందరివీ ఉన్నాయి. మా అమ్మవే లేవు!" అని బావురుమంది.

టీచర్ నవ్వలేదు. పక్కనే కూర్చుని తనూ ఓ గుప్పెడు ఏరారు. "కలిసిపోయాయమ్మా. మీ అమ్మ చెప్పింది నిజమే."

అమ్మ మాట నిజమైనందుకు సంతోషించాలో, ఒక్కటీ మిగలనందుకు ఏడవాలో పిడుగుకి తెలియలేదు.

సాయంత్రం ఫోనులో అదే చెప్పింది. "అమ్మా, నీవి ఒక్కటీ మిగల్లేదు."

"మిగలకూడదనే కదే ఇన్ని తిప్పలు!" అంది అమ్మ. "అయినా అన్నీ నేనే అతికిస్తానా? చాలావాటికి మెషినే అతికిస్తుంది. అది వదిలేసినవాటికి నేను బొటనవేలితో నొక్కుతాను. నావి కాస్త వంకరగా ఉంటాయి. సూపర్‌వైజర్ రోజూ సణుగుతూనే ఉంటాడు."

"నువ్వెప్పుడొస్తావు?"

"పళ్ళు అయిపోగానే తల్లీ."

"తొందరగా అయిపోతే బాగుండు."

"నేనూ రోజూ అదే అనుకుంటాను," అంది అమ్మ మెల్లగా.

మర్నాడు పిడుగు అన్ని క్లాసులకీ వెళ్ళింది. "నేను తప్పు చెప్పాను. 'మట్టిలో కలుస్తుంది' అని రాసి ఉంటేనే వదలాలి. మిగతావి పీకెయ్యాలి," అంది. ఈసారి అరవలేదు. డబ్బా దగ్గర చూసే పని కూడా తనే అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం ఒక చిన్న పిల్లాడు నారింజ తొక్క పట్టుకొచ్చాడు. "అక్కా, ఇది పీకాలా?"

ఆకుపచ్చ లేబుల్. పిడుగు దగ్గరగా పట్టుకుని చిన్న అక్షరాలు చదివింది. తర్వాత గమనించింది. లేబుల్ కాస్త వంకరగా ఉంది.

గోరు లేబుల్ అంచు దాకా వెళ్ళింది. మెల్లగా పీకి జేబులో వేసుకుంటే ఎవరు చూస్తారు?

"అక్కా, పీకాలా?" అని మళ్ళీ అడిగాడు వాడు.

"వద్దు నాన్నా," అంది పిడుగు.

లేబుల్ మీద తన బొటనవేలు ఆనించి కాసేపు అలాగే నొక్కి పట్టుకుంది. తర్వాత ఆ తొక్కని డబ్బా అడుగుదాకా తోసి, పైన ఎండుటాకులు కప్పింది.